లాకు తలుపుల వెంట: లియోనార్డో ఊళ్లలో అయిదు రోజులు

మా నాన్న కోనసీమలో కాలవ మీద లస్కరుగా, అంటే నీళ్లూ తలుపులూ చూసుకునే పనివాడిగా చేశాడు. లాకుల పక్కన, అంటే కాలవ మట్టం మారే చోట పడవల్ని ఎక్కించి దించే నీటి తలుపుల పక్కన, ఇచ్చిన రెండు గదుల క్వార్టర్లోనే నేను పుట్టి పెరిగాను. తరవాత ఇరిగేషన్ శాఖలో ఇంజనీరుగా చేరి నిరుడు రిటైరయ్యాను. మా అమ్మాయి మిలాన్‌లో ఎమ్మెస్ చదువుతోంది. అక్కడి లియోనార్డో మ్యూజియం చూసొచ్చిన రోజు రాత్రే ఫోన్ చేసింది. "నాన్నా, తాతగారి లాకు తలుపు ఇక్కడుంది. నువ్వు రావాల్సిందే" అంది. అక్టోబరులో బయల్దేరాను. మోకాళ్ల నొప్పులతో అంత నడవలేనని మా ఆవిడ ఆగిపోయింది. ఆవిడ కోసం రోజూ రాత్రి పడుకోబోయే ముందు నోటుబుక్కులో రాసుకున్నదే ఇది.

మంగళవారం, మిలాన్

మల్పెన్సా విమానాశ్రయం నుంచి రైల్లో కడోర్నా స్టేషన్‌కి వచ్చి, అమ్మాయి గదిలో స్నానం చేసి, సాయంత్రం కాలవ గట్టుకు వెళ్లాం. మిలాన్‌లో కాలవలేంటని మనవాళ్లు అడుగుతారు. ఒకప్పుడు ఈ ఊరి చుట్టూ నీళ్లే. అన్నిటికంటే పెద్దదైన నవీల్యో గ్రాందే పన్నెండో శతాబ్దంలో మొదలైంది. తిచీనో నది నీళ్లను దాదాపు 50 కిలోమీటర్లు నడిపించుకుని ఊళ్లోకి తెస్తుంది. 1386లో మొదలుపెట్టిన పెద్ద చర్చికి, అంటే ఇక్కడివాళ్లు దువోమో అనే దానికి, కొండల్లోని కండోల్యా గనుల నుంచి పాలరాయి వచ్చింది ఈ కాలవ మీదే, పడవల్లోనే. ఊరి మధ్య కాలవల్ని 1930 ప్రాంతంలో కప్పేసి పైన రోడ్లు వేశారు. మిగిలిన ముక్క గట్టున ఇప్పుడు హోటళ్లు, దీపాలు, జనం. నీళ్లు మాత్రం నిదానంగా, కాలవకు ఉండాల్సిన వాటంలోనే పోతున్నాయి. నా కళ్లు ముందు చూసేది దాన్నే.

రాత్రికి కుంకుమపువ్వు వేసిన రిసోట్టో తిన్నాం. పక్క జిల్లాల్లో, పో నది మైదానంలో, కాలవల కింద పండిన బియ్యం. గోదావరి వాడికి అన్నం ముందు కూర్చున్నాక నీళ్ల సంగతి గుర్తు రాకుండా ఉండదు. బైర్డ్ స్మిత్ అని ఈస్టిండియా కంపెనీ ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. ఆయన ఈ ప్రాంతపు సాగునీటి కాలవలన్నీ తిరిగి చూసి, 1852లో కంపెనీ డైరెక్టర్లకు పెద్ద నివేదిక ఇచ్చాడు. సరిగ్గా అదే ఏడు ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. తరవాత నాలుగేళ్లకు ఆయనే మన కావేరి, కృష్ణ, గోదావరి పనుల మీదా రాశాడు. ఆ రోజుల్లో మన డెల్టా గురించి ఆలోచించినవాళ్ల బల్లల మీద మిలాన్ ఉన్న ఈ లొంబార్దీ ప్రాంతపు కాలవల లెక్కలు కూడా ఉండేవన్నమాట. ఈ సంగతి చెబితే అమ్మాయి చెంచా పక్కన పెట్టి, మళ్లీ మొదటినుంచి చెప్పమంది.

బుధవారం, సైన్సు మ్యూజియం

శాన్ విత్తోరే వీధిలో పాత సన్యాసుల మఠం. లోపల రెండు పెద్ద ముంగిళ్లు, చుట్టూ వరండాలు. 1953లో ఇక్కడ లియోనార్డో దా వించీ పేరుతో జాతీయ సైన్సు, టెక్నాలజీ మ్యూజియం తెరిచారు. అంతకు ముందు ఏడు ఆయన పుట్టి 500 ఏళ్లు. యుద్ధంలో బాంబులు పడి సగం కూలిన నగరం, తన గొప్పవాణ్ని తలుచుకోవడానికి ఆయన బొమ్మల్లోని యంత్రాలను కర్రతో చేయించుకుంది. ఆ నమూనాలే ఈ ప్రదర్శనకు ప్రాణం. ఆయన చనిపోయి 500 ఏళ్లయిన 2019లో గదులన్నీ కొత్తగా సర్ది మళ్లీ తెరిచారు.

ఆయన మిలాన్‌కి వచ్చింది 1482 ప్రాంతంలో, ముప్పై ఏళ్ల వయసులో. ఊరిని ఏలుతున్న లుదొవీకో స్ఫోర్జాకు పని ఇమ్మని రాసిన ఉత్తరం చిత్తుప్రతి నేటికీ ఉంది. తనకు ఏమేం వచ్చో అందులో అంకెలు వేసి చెప్పుకున్నాడు. తేలిగ్గా మోసుకుపోయే వంతెనలు, కోటలు పగలగొట్టే పద్ధతులు, ఫిరంగులు, కప్పున్న బళ్లు. తొమ్మిదింటి దాకా యుద్ధమే. పదోదానిలో, శాంతి కాలంలో అయితే భవనాలు కడతాను, నీటిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడిపిస్తాను అంటాడు. శిల్పం, చిత్రలేఖనం ఆ తరవాతే. మోనాలిసా గీసిన మనిషి నీటి పనిని బొమ్మలకంటే ముందు రాసుకున్నాడని తెలిసి ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డాను.

జనం మూగేది గాలిలోకి లేచే మరచుట్టు దగ్గర, గబ్బిలం రెక్కల దగ్గర, తాబేటి చిప్పలా ఉన్న యుద్ధబండి దగ్గర. చూడముచ్చటగా ఉన్నాయి. పిల్లలు కేకలు పెడుతున్నారు, పెట్టనీ. నాకు మాత్రం వీటికంటే నూలు వడికే యంత్రం ఎక్కువ నచ్చింది. దారాన్ని పురిపెడుతూనే కండె మీద సమంగా చుట్టే ఏర్పాటు అది. గాల్లోకి ఎగరాలన్నది కోరిక. ఇదేమో ఎవరో నేతపనివాడి పక్కన గంటలకొద్దీ కూర్చుని, అతని చేతులు చూసి గీసిన బొమ్మ.

తరవాత నీళ్ల విభాగం. అమ్మాయి నా మోచేయి పట్టుకుని తీసుకెళ్లింది. "ఇదే నాన్నా."

చిన్న కర్ర నమూనా. రెండు గోడల మధ్య నీళ్ల గది. దానికి రెండు రెక్కల తలుపు. మూసినప్పుడు రెక్కలు తిన్నగా ఒకే గీతలో కలవవు. ఎగువకు ముక్కు పెట్టి, గద్ద ముక్కులా కోణంగా కలుస్తాయి. ఎగువ నీళ్లు ఎంత నెడితే రెండు రెక్కలూ అంత గట్టిగా ఒకదాన్నొకటి ఒరుసుకుని బిగుస్తాయి. తలుపు మూసి ఉంచే పని నీళ్లే చేస్తాయి. అంతకు ముందు చాలాచోట్ల ఉన్నది పైకెత్తే తలుపు. నిలువు పలకను నీటి ఒత్తిడికి ఎదురు లాగాలి. తెరిచినా పైన అడ్డంగా దూలం ఉంటుంది, ఎత్తైన సరుకుతో పడవ దూరదు. ఈ రెక్కలైతే రెండు పక్కలా గోడల్లోకి ఒదిగిపోతాయి, పైన ఆకాశమే. ఆ రెక్క అడుగున ఇంకో చిన్న తలుపు ఉంది. దాని ఇరుసు మధ్యలో కాకుండా కాస్త పక్కకు పెట్టాడు. ఒకవైపు నీళ్లు ఎక్కువ నెడతాయి కాబట్టి కొద్దిపాటి బలంతోనే అది తెరుచుకుంటుంది. ముందు దాన్ని తెరిచి రెండువైపులా మట్టం సమానం చేస్తే, పెద్ద రెక్కలు తోస్తే చాలు, కదులుతాయి.

దీన్ని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. వరి బస్తాలు, కొబ్బరికాయలు వేసుకుని పడవ వచ్చి లాకుల ముందు ఆగేది. పడవవాళ్లు తొందరపెట్టేవాళ్లు. నాన్న పలికేవాడు కాదు. చిన్న తలుపు తెరిచి, లోపల నీళ్లు సుళ్లు తిరిగి సర్దుకునే దాకా గట్టు మీద గొంతుకు కూర్చుని చూసేవాడు. "ముందు చిన్నది, తరవాతే పెద్దదిరా. తొందరపడితే పడవ ఒరిగిపోద్ది" అనేవాడు. అదే తలుపు, అదే ముక్కు, అదే చిన్న తలుపు ఇక్కడ బల్ల మీద ఉంది. ముట్టుకోవద్దని పక్కన రాసుంది. చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకున్నాను. పనామా కాలవ పాత లాకుల్లో ఇప్పటికీ ఇలాంటి రెక్కలే వాడుతున్నారు. ఈ తలుపును మొట్టమొదట ఊహించినవాడు లియోనార్డోయేనని చాలామంది రాస్తారు, అది పండితులు తేల్చుకోవాల్సిన సంగతి. చిన్న తలుపు ఇరుసు ఎక్కడుండాలో నీళ్లను చూసి తెలుసుకోవాలన్న బుద్ధి మాత్రం ఆ బొమ్మలో కనిపిస్తూనే ఉంది. నాకది చాలు.

మధ్యాహ్నం ముంగిట్లో నిలబెట్టిన నిజం జలాంతర్గామి ఎన్రీకో తోతిని బయటి నుంచి చూసి వెనక్కొచ్చాం. మనసు అప్పటికే నిండిపోయింది.

గురువారం, మళ్లీ మిలాన్

"చివరి విందు" బొమ్మకు రెండు నెలల ముందే అమ్మాయి టిక్కెట్లు తీసి పెట్టింది. లోపల ఉండనిచ్చేది పదిహేను నిమిషాలు. సాంతా మరియా దెల్లే గ్రాత్సియే మఠం భోజనశాల గోడ మీద ఉంది బొమ్మ. లోపలికి నేరుగా వెళ్లనివ్వరు. అద్దాల తలుపు తెరుచుకుంటుంది, ఒక గదిలో నిలబెడతారు, వెనక తలుపు మూసుకుంటుంది, అప్పుడు ముందుది తెరుచుకుంటుంది. బయటి దుమ్ము, చెమ్మ లోపలికి పోకుండా చేసిన ఏర్పాటు. నేను అమ్మాయి వంక చూశాను. "అవును నాన్నా, లాకులే" అంది నవ్వుతూ.

బొమ్మ పెద్దది, దాదాపు తొమ్మిది మీటర్ల వెడల్పు. 1495 నుంచి 1498 దాకా గీశాడు. గోడ మీద బొమ్మ వేసేవాళ్లు తడి సున్నం మీద వేస్తారు. రంగు సున్నంలోకి ఇంకి దానితో పాటే గట్టిపడుతుంది. అయితే తడి ఆరేలోపు పని అయిపోవాలి. లియోనార్డోకు ఆ తొందర సరిపడదు. ఆగి, చూసి, దిద్దుకుంటూ వెళ్లడం ఆయన తీరు. అందుకని పొడి గోడ మీద వేశాడు. గోడలో చెమ్మ ఉంది. ఆయన బతికుండగానే రంగు పెచ్చులూడటం మొదలైంది. 1652లో ఎవరో గోడకు తలుపు కోసి, క్రీస్తు పాదాలున్న చోటే తీసేశారు. 1943 ఆగస్టులో బాంబు పడి భోజనశాల కప్పు, పక్క గోడ కూలాయి. ఇసుక బస్తాలు పేర్చి ఉంచడం వల్ల ఈ గోడ నిలిచింది. ఆ తరవాత పినిన్ బ్రంబీల్లా అనే ఆవిడ ఇరవై ఏళ్లకు పైగా కూర్చుని, భూతద్దం కింద పాత పూతలు తీసి 1999లో పని ముగించింది.

అందరూ ఆ గోడకే తిరిగి నిలబడ్డారు. నేను ఒకసారి వెనక్కి తిరిగి ఎదురు గోడ చూశాను. అక్కడ మొంతోర్ఫానో అనే చిత్రకారుడు 1495లో తడి సున్నం మీద వేసిన శిలువ బొమ్మ ఉంది. మనుషులు, గుర్రాలు, రంగులు ఇంచుమించు నిన్న వేసినట్టున్నాయి. ఆ బొమ్మ అడుగున రెండు మూలలా ప్రభువు లుదొవీకో, ఆయన భార్య, పిల్లలు మోకరిల్లిన ఆకారాలు లియోనార్డో చేర్చినవి. పొడి గోడ మీద. అవి లేవు. ఉన్నాయంటే ఉన్నాయి, బూడిదరంగు నీడల్లా. ఒకే గోడ, ఒకే చెమ్మ, అయిదొందల ఏళ్లు. పక్కపక్కనే ఒకటి నిలిచింది, ఒకటి పోయింది. చెమ్మతో జీవితమంతా వేగినవాణ్ని, నా గొంతు పట్టేసింది. ఈలోగా గంట మోగింది.

అక్కణ్ణుంచి అంబ్రోసియానా గ్రంథాలయం. లియోనార్డో కాగితాల్లో అన్నిటికంటే పెద్ద కట్ట ఇక్కడుంది, 1,119 కాగితాలు. 1637లో ఒక ధనికుడు దానమిచ్చాడు, 1796లో నెపోలియన్ పారిస్‌కి తరలించాడు, తరవాత తిరిగొచ్చింది. కొన్ని కొన్ని కాగితాలను మార్చి మార్చి అద్దాల్లో పెడతారు. వెలుతురు బాగా తక్కువ. కళ్లు అలవాటు పడ్డాక గోధుమరంగు సిరా గీతలు తేలాయి. రాత కుడి నుంచి ఎడమకు, అద్దంలో చూస్తే కానీ సరిగా కనపడదు. నీడ కోసం వేసిన సన్నగీతలు అన్నీ ఎడమ పైనుంచి కుడి కిందికి వాలి ఉన్నాయి. ఎడమచేతివాడి గీత అది. మా అమ్మాయీ ఎడమచేతివాటమే. చిన్నప్పుడు పలక మీద దాని గీతలు ఇలాగే వాలేవి. కుడిచేత్తో రాయమని నేను కసిరిన రోజులున్నాయి. ఆ అద్దం ముందు ఆ మాట ఒప్పుకున్నాను. "ఎప్పుడో మర్చిపోయాను నాన్నా" అంది.

సాయంత్రం శాన్ మార్కో వీధికి నడిచాం. 1496 ప్రాంతంలో కట్టిన లాకులు ఇక్కడ మిగిలున్నాయి. మర్తెసానా కాలవను ఊళ్లోని కాలవలతో కలపడానికి లుదొవీకో కట్టించాడు. లియోనార్డో దీని మీద పనిచేశాడని ఊరు చెప్పుకుంటుంది. ఇప్పుడు నీళ్లు లేవు. ఇటుక గోడల మధ్య లోతుగా గడ్డి మొలిచింది, వీధి కార్లు పక్కనుంచే పోతున్నాయి. కర్ర తలుపులు మాత్రం ఉన్నాయి. నల్లబడి, చీలికలు వచ్చి, ఇనప పట్టీలతో. కమ్మీల మీదకు వంగి తలుపు రెక్కల కొసలు చూశాను. ఒకదాన్నొకటి ఒరుసుకునే చోట కర్రను ఏటవాలుగా చెక్కి ఉంటారు. నీళ్లున్న లాకులో అది ఎప్పుడూ కనపడదు, మునిగే ఉంటుంది. ఏడాదికోసారి కాలవ కట్టేసినప్పుడు నాన్న నన్ను అడుగుకి దింపి ఆ అంచు మీద నాచు గీకించేవాడు. చీకటి పడే దాకా అక్కడే ఉన్నాం.

శుక్రవారం, ఫ్లోరెన్స్

రెండు గంటల రైలు. ఉఫీత్సీ చిత్రశాలలో జనం విపరీతం, కాళ్లు పీకాయి. లియోనార్డో గది ఒక్కటి చెబుతాను. కుర్రవాడుగా ఉండగా గురువు వెరోక్కియో వేసిన "క్రీస్తు బాప్తిస్మం" బొమ్మలో ఎడమ చివరి దేవదూతను ఆయనే గీశాడు. ఆ దేవదూత జుట్టు దగ్గరకెళ్లి చూశాను. నుదుటి నుంచి కిందికి జారుతూ, చెవి దగ్గర ఉంగరాలు తిరిగి, మళ్లీ జారుతుంది. దశాబ్దాల తరవాత ఆయన ఒక కాగితం మీద అడ్డుపలక దాటి సుళ్లు తిరిగే నీళ్లు గీసి పక్కన రాసుకున్నాడు: నీటి పైకదలిక జుట్టులాంటిది, ఒక కదలిక బరువు వల్ల, ఇంకొకటి సుడి వల్ల అని. నీళ్లు జుట్టులా కనపడ్డాయని అందరూ అంటారు. ఈ బొమ్మ చూశాక ఆయనకు ముందు జుట్టే నీళ్లలా కనిపించిందనిపించింది. కింద క్రీస్తు మడమల చుట్టూ యోర్దాను నీళ్లు పలచగా, అడుగు కనిపించేలా ఉన్నాయి.

శనివారం, వించీ

ఎంపోలి దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు. దారిలో ఆర్నో నది. 1504లో ఫ్లోరెన్స్ వాళ్లు పీసా మీద కోపంతో ఈ నదినే పక్కకు మళ్లించబోయారు. ఆ పథకంలో లియోనార్డో సలహా ఉంది. తవ్వినవాళ్లు కాలవకు చాలినంత లోతు ఇవ్వలేదు, వాన వచ్చింది, గట్లు కూలాయి. మా శాఖలో ఉన్నవాళ్లెవరికైనా ఈ కథ కొత్తగా ఉండదు. కాగితం మీది లోతు వేరు, తవ్విన లోతు వేరు.

వించీ చిన్న ఊరు. మిట్ట మీద కోట, కోటలో 1953 నుంచి మ్యూజియం. నమూనాలు ఇక్కడా ఉన్నాయి. ఒక కంప్యూటర్ కంపెనీ మొదట్లో చేయించి ఇచ్చినవి కొన్ని. బురుజు ఎక్కితే నాలుగు దిక్కులా ఆలివ్ తోటలు, వెనక మొంతాల్బానో కొండలు. కింద చర్చిలో రాతి తొట్టె ఉంది, ఆయనకు నామకరణం చేసింది అక్కడేనంటారు. పుట్టుక సంగతి మాత్రం రాతలో ఉంది. తాత అంతోనియో తన పుస్తకంలో రాసుకున్నాడు: 1452 ఏప్రిల్ 15, శనివారం, రాత్రి మూడో గంటకు నాకు మనవడు పుట్టాడని. తండ్రి నోటరీ, తల్లి కతెరీనా, వాళ్లకు పెళ్లి కాలేదు. అయినా తాత పండగలా రాశాడు, వచ్చినవాళ్ల పేర్లతో సహా.

ఆయన పుట్టిన ఇల్లని చెప్పే అంక్యానో మూడు కిలోమీటర్లు. ఆలివ్ తోటల మధ్య కాలిబాట. కాయలు కోసే రోజులు, చెట్ల కింద వలలు పరిచారు. రాతి ఇల్లు, మూడు గదులు, చల్లగా ఉంది. బయట అరుగు మీద కూర్చున్నాం. అమ్మాయి పుస్తకం, పెన్సిలు తీసి, "తాతగారి లాకు గియ్యి నాన్నా, కొలతలతో" అంది.

గోడలు గీశాను, రెక్కలు గీశాను. చిన్న తలుపు దగ్గర ఆగిపోయాను. ముప్పై ఏళ్లు ఇరిగేషన్లో పనిచేసినవాణ్ని, దాని ఇరుసు మధ్యలో ఉందా, పక్కకు ఉందా అన్నది గుర్తు రాలేదు. చేత్తో తెరిచినవాణ్నే. ఊళ్లో అన్నయ్యకు ఫోన్ చేశాను. "ఇప్పుడు చీకటి పడిందిరా, పొద్దున్నే వెళ్లి చూస్తాలే. టేపు ఎక్కడ పెట్టానో" అన్నాడు.

ఆదివారం పొద్దున్న

తిరుగు ప్రయాణం. లేచేసరికి ఫోన్లో నాలుగు ఫోటోలు. లాకుల్లో పడవలు తిరిగి ఏళ్లయింది, ఎగువన గుర్రపు డెక్క దట్టంగా పట్టేసింది. అన్నయ్య పంచె ఎగగట్టి, నడుం లోతు నీళ్లలో నిలబడి, ఎవరి చేతో ఫోటో తీయించాడు. ఒక చేయి తలుపు రెక్క మీద, ఇంకో చేతిలో టేపు. కింద వాయిస్ మెసేజ్ ఉంది: "ఇరుసు మధ్యలో లేదురా. ఎడంపక్క జానెడు, కుడిపక్క జానెడున్నర. సరిపోయిందా?"

అమ్మాయి పెన్సిలు తీసుకుని, నిన్న ఖాళీగా వదిలిన చోట ఎడమచేత్తో గీత గీసింది.